ఒకే వయల్, మూడు అంకెలు: పెప్టైడ్ స్టాక్‌కి ఏ లెక్క ఎంచుకోవాలి?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు అమ్మాయి పోయిన వారం చిన్న వయల్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చింది. "అక్కా, ఇందులో ఎన్ని మైక్రోలీటర్లు పోస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది?" మిల్లీమోలార్ అంటే బరువుతో కాకుండా అణువుల లెక్కన చెప్పే గాఢత, లీటరుకి ఎన్ని మిల్లీమోల్స్ అని. వయల్‌లో ఉన్నది యాంజియోటెన్సిన్ 2 అనే పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. లేబుల్ మీద 1 మిల్లీగ్రామ్. వయల్ అడుగున దూదిపింజ అంటించినట్టు పల్చటి తెల్లటి పొర.

ఆ ప్రశ్నకి 956 అని చెప్పొచ్చు. 717 అనీ చెప్పొచ్చు. 540 అని చెప్పేవాళ్లూ ఉన్నారు. మూడింటిలోనూ గుణకారం, భాగహారం తప్పు లేదు. అందుకే ఆ అమ్మాయికి వెంటనే ఒక అంకె చెప్పకుండా, కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆ రోజు చెప్పినదే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. చెన్నైలో, బెంగళూరులో మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఇలాంటి ల్యాబుల్లో చేరుతున్నారు. ఈ విషయం ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెబితే తప్ప తెలియడం కష్టం.

నాకైతే ఎవరూ చెప్పలేదు. చెన్నై తరమణిలోని ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది నేనూ, నా పక్క బెంచీ సహచరుడూ ఒకే పెప్టైడ్‌ని ఒకే రకం కణాల మీద వేశాం. ఇద్దరి ట్యూబుల మీదా "1 మిల్లీమోలార్" అనే ఉంది. కానీ ఆయన గ్రాఫ్ ఒకచోట, నాది ఒకచోట. కణాలు పాతబడ్డాయేమో అనుకున్నాం, సీరం మార్చాం, ఇంక్యుబేటర్ సర్వీసింగ్ చేయించాం. ఏడు వారాలు అలాగే పోయాయి. చివరికి ఒక సాయంత్రం రెండు ట్యూబులనూ నానోడ్రాప్ (ద్రవం ఎంత కాంతిని పీల్చుకుంటుందో ఒక్క చుక్కతో కొలిచే యంత్రం) మీద పెట్టి 280 నానోమీటర్ల దగ్గర శోషణ చూశాం. నాది 1.12, ఆయనది 1.98. నిజంగా 1 మిల్లీమోలార్ అయితే 1.49 రావాలి. అంటే నా స్టాక్ (కరిగించి దాచుకున్న చిక్కటి ద్రావణం) అసలు గాఢత 0.75 మిల్లీమోలార్, ఆయనది 1.33. ఒకే పేరు రాసుకున్న రెండు ట్యూబుల మధ్య 1.8 రెట్ల తేడా.

నేను పోసింది 956 మైక్రోలీటర్లు, ఆయన పోసింది 540. ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

956: లేబుల్ బరువుని అలాగే తీసుకుంటే

యాంజియోటెన్సిన్ 2 అణుభారం 1046.2. సూత్రం ఇది: మిల్లీగ్రాములు × 10,00,000 ÷ (అణుభారం × కావలసిన మిల్లీమోలార్) = పోయాల్సిన మైక్రోలీటర్లు. 1 మిల్లీగ్రాముకి 956 వస్తుంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు చాలావరకు చేసేది ఇదే. ఎక్కువ మంది ఇక్కడితో ఆగిపోతారు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ 1 మిల్లీగ్రాము అంతా పెప్టైడ్ కాదు. కిలో వేరుశనక్కాయలు కొంటే కిలో పప్పు రాదు కదా, పొట్టు బరువు పోతుంది. ఇదీ అంతే. పెప్టైడ్‌ని శుద్ధి చేసేటప్పుడు హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలని విడదీసే యంత్రం) కాలమ్‌లో సాధారణంగా టీఎఫ్ఏ అనే ఆమ్లం వాడతారు. పెప్టైడ్‌లో క్షార గుణమున్న ప్రతి చోటా ఒక టీఎఫ్ఏ అణువు అతుక్కుంటుంది. ఆర్జినిన్, లైసిన్, హిస్టిడిన్, మొదటి అమైనో ఆమ్లం చివర: ఇవీ ఆ చోట్లు. యాంజియోటెన్సిన్ 2లో అలాంటివి మూడు. టీఎఫ్ఏ అణుభారం 114, మూడింటికి 342. 1046ని 1388తో భాగిస్తే 75 శాతం. దీని మీద కాస్త తేమ కూడా పట్టి ఉంటుంది. అంటే లేబుల్ మీది మిల్లీగ్రాములో నిజమైన పెప్టైడ్ ముప్పావు వంతు మాత్రమే.

పొట్టు ఎంతో తేల్చేది క్షార చోట్ల సంఖ్య ఒక్కటే కాదు, పెప్టైడ్ బరువుతో పోలిస్తే అవి ఎన్ని అన్నది. సూక్ష్మజీవులని చంపే ఎల్ఎల్-37 అనే పెప్టైడ్ తీసుకోండి. అణుభారం 4493. ఆర్జినిన్లు 5, లైసిన్లు 6, మొదటి చివర ఒకటి, మొత్తం 12. పన్నెండు టీఎఫ్ఏలు అతుక్కుంటే 1368 బరువు. చోట్లు నాలుగు రెట్లున్నా పెప్టైడ్ కూడా అంత పెద్దది కాబట్టి, తేమని పక్కన పెడితే పెప్టైడ్ వాటా 77 శాతం, దాదాపు అంతే.

717: నెట్ పెప్టైడ్ కంటెంట్ చూసి లెక్కిస్తే

వయల్‌తో పాటు వచ్చే సీఓఏ (ఆ బ్యాచ్ పరీక్షల ధ్రువపత్రం) కాగితంలో "నెట్ పెప్టైడ్ కంటెంట్" అని ఒక శాతం ఉంటుంది. ఉండకపోతే సరఫరాదారుకి మెయిల్ పెట్టి అడగండి. 1 మిల్లీగ్రాములో 75 శాతం అంటే 0.75 మిల్లీగ్రాములు. అదే సూత్రంలో వేస్తే 717 మైక్రోలీటర్లు. వయల్‌లో నిజంగా ఉన్నది 0.717 మైక్రోమోల్ కాబట్టి ఇదే సరైన లెక్క.

ఇక్కడ చాలామంది ప్యూరిటీని, నెట్ కంటెంట్‌ని ఒకటే అనుకుంటారు. కాగితం మీద పెద్ద అక్షరాల్లో "ప్యూరిటీ 95 శాతం" అని కనబడుతుంది. దాన్ని చూసి నూటికి తొంభై ఐదు పెప్టైడే అనుకుని ఊరుకుంటారు. వేరుశనక్కాయల మాటే మళ్లీ చెబుతాను. ఒలిచిన పప్పులో ఎన్ని మంచి గింజలో చెప్పేది ప్యూరిటీ. పొట్టుతో కలిపిన బరువులో పప్పు ఎంతో చెప్పేది నెట్ కంటెంట్. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్‌కి తేమ కనబడదు, టీఎఫ్ఏ లెక్కలోకి రాదు. 95 శాతం ప్యూరిటీ ఉన్న వయల్‌లో నెట్ కంటెంట్ 70 శాతం ఉండటం మామూలే. బాగా కచ్చితంగా కావాలంటే రెండింటినీ గుణించాలి: 1 × 0.75 × 0.95 అంటే 0.71 మిల్లీగ్రాములు.

ఇంకొక సంగతి. కొంతమంది సరఫరాదారులు వయల్ నింపేటప్పుడే నెట్ బరువు లెక్క చూసి నింపుతారు. అప్పుడు లేబుల్ మీది 1 మిల్లీగ్రామ్ నిజంగా 1 మిల్లీగ్రామే, మళ్లీ శాతం తగ్గించకూడదు. కాగితంలో "నెట్" అని ఉందా "గ్రాస్" (పొట్టుతో కలిపిన బరువు) అని ఉందా అన్నది వెతికి చూడండి. కనబడకపోతే గ్రాస్ అని అనుకుని, అడిగి నిర్ధారించుకోండి.

540: రెండుసార్లు తగ్గిస్తే

నా సహచరుడు నాకంటే జాగ్రత్తపరుడు. నెట్ కంటెంట్ తెలుసు, దాన్ని లెక్కలో వేశాడు. కానీ ఆ కాగితంలో అణుభారం 1388 అని ఉంది, అంటే టీఎఫ్ఏతో కలిపి లవణం బరువు. 0.75 మిల్లీగ్రాములని 1388తో భాగించాడు. పొట్టుని ఒకసారి శాతంలో తీసేశాడు, ఇంకోసారి అణుభారంలో తీసేశాడు. 540 మైక్రోలీటర్లు పోసేసరికి స్టాక్ మూడో వంతు ఎక్కువ చిక్కగా తయారైంది.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటే. నెట్ కంటెంట్ వాడితే పెప్టైడ్ ఒక్కదాని అణుభారం వేయాలి. లవణంతో కలిపిన అణుభారం వేస్తే శాతాన్ని ముట్టుకోకూడదు. 1 మిల్లీగ్రాముని నేరుగా 1388తో భాగించినా 0.72 మైక్రోమోల్ వస్తుంది, దాదాపు అదే జవాబు. అయితే ఈ రెండో దారిలో తేమ లెక్కలోకి రాదు, అందుకే నేను మొదటిదానివైపే మొగ్గుతాను. కాగితం మీది అణుభారం దేనిదో అనుమానం వస్తే, అమైనో ఆమ్లాల వరుసని ఏదైనా ఉచిత టూల్‌లో వేసి మీరే చూసుకోండి, నిమిషం పని.

మరి కొలిచి చూడటం?

నన్నడిగితే, వీలున్న ప్రతిసారీ కొలవాల్సిందే. పెప్టైడ్‌లో ట్రిప్టోఫాన్ గానీ టైరోసిన్ గానీ ఉంటే 280 నానోమీటర్ల దగ్గర శోషణ చూస్తే చాలు. 1995లో పేస్ బృందం ఇచ్చిన విలువలనే అందరం వాడతాం: ట్రిప్టోఫాన్ ఒక్కోదానికి 5500, టైరోసిన్‌కి 1490, డైసల్ఫైడ్ బంధానికి 125. యాంజియోటెన్సిన్ 2లో ఒక టైరోసిన్ ఉంది కాబట్టి 1490. శోషణని 1490తో భాగిస్తే మోలార్‌లో గాఢత వస్తుంది. 280 దగ్గర టీఎఫ్ఏ అడ్డు రాదు, పొడిలో తేమ ఎంతున్నా పట్టింపు లేదు. మా ఏడు వారాల తలనొప్పి తీరింది ఈ అయిదు నిమిషాల పనితోనే.

అన్ని పెప్టైడ్లకీ ఇది కుదరదు. ఎల్ఎల్-37లో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ లేదు. బ్రాడీకైనిన్ అనే చిన్న పెప్టైడ్‌లోనూ లేవు. వీటిని 280 దగ్గర పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. పెప్టైడ్ కరగలేదనో, వయల్ ఖాళీ అనో కంగారుపడకండి. వీటికి 205 నానోమీటర్ల దగ్గర చూడొచ్చు. అక్కడ పెప్టైడ్ బంధాలే కాంతిని పీల్చుకుంటాయి. 1 మి.గ్రా./మి.లీ. ద్రావణానికి శోషణ సుమారు 31. మామూలు 1 సెం.మీ. క్యూవెట్ యంత్రం అంత రీడింగ్ సరిగా చదవలేదు కాబట్టి 0.02 మి.గ్రా./మి.లీ. దాకా పలుచన చేసి చూడాలి, 0.6 చిల్లర రావాలి. ఇబ్బంది ఏమిటంటే 205 దగ్గర అసిటిక్ ఆమ్లం, టీఎఫ్ఏ, డీఎంఎస్ఓ (నీటిలో కరగనివాటిని కరిగించే ద్రావణి), అన్నీ కాంతిని మింగేస్తాయి. అదే ద్రావణిని, పెప్టైడ్ లేకుండా, ముందు బ్లాంక్‌గా చదివించకపోతే వచ్చిన అంకెకి అర్థం ఉండదు. డీఎంఎస్ఓలో కరిగించిన స్టాక్‌కి ఈ దారి మర్చిపోండి.

బ్రాడ్‌ఫర్డ్ రంగు పరీక్ష చిన్న పెప్టైడ్లకి పనికిరాదు, ఆ రంగు పట్టుకోవాలంటే గొలుసు పొడవు ఉండాలి. అన్నిటికంటే నమ్మదగినది అమైనో ఆసిడ్ ఎనాలిసిస్. ఖర్చు, సమయం రెండూ ఎక్కువ, ప్రతి బ్యాచ్‌కీ చేయించలేం. కానీ పెప్టైడ్‌ని ప్రామాణిక నమూనాగా వాడి వేరేవాటిని దానితో కొలుస్తుంటే ఆ ఖర్చు పెట్టాల్సిందే.

ఎవరికి ఏది

డోసుల మధ్య పది రెట్ల అంతరాలతో, ఈ పెప్టైడ్ అసలు పనిచేస్తుందా లేదా అని మాత్రమే చూస్తుంటే లేబుల్ బరువు చాలు. పాతిక శాతం తేడా ఆ ప్రయోగంలో కనబడదు. కాకపోతే నోట్‌బుక్‌లో "గ్రాస్ బరువు మీద లెక్కించాను" అని రాయండి. ఆరు నెలల తర్వాత ఆ స్టాక్ తీసేవాళ్లకి అది తెలియాలి.

రెండు బ్యాచ్‌లని పోలుస్తున్నా, రెండు వేర్వేరు పెప్టైడ్లని పోలుస్తున్నా, పేపర్‌లో డోస్ రాయాల్సి ఉన్నా నెట్ కంటెంట్ తప్పనిసరి. ఒక బ్యాచ్‌లో 82 శాతం, ఇంకో బ్యాచ్‌లో 68 శాతం ఉండొచ్చు. క్షార గుణం లేని పెప్టైడ్‌ని, ఎల్ఎల్-37 లాంటిదాన్ని గ్రాస్ బరువు మీద పక్కపక్కన పెడితే మొదటే ఒకదానికి అన్యాయం చేసినట్టు.

ఐటీసీ (రెండు అణువులు అతుక్కునేటప్పటి వేడిని కొలిచే పద్ధతి) లాంటి బైండింగ్ ప్రయోగాలైతే కొలవకుండా మొదలుపెట్టొద్దు. సిరంజిలోని పెప్టైడ్ మీరనుకున్నదాంట్లో ముప్పావు వంతే ఉంటే, ఒకటికి ఒకటి అతుక్కునే జంటకి నిష్పత్తి 1 రావాల్సిన చోట 1.33 వస్తుంది. లేని కథలన్నీ అల్లడం అక్కడినుంచే మొదలవుతుంది.

మిల్లీగ్రాములా, మోలార్లా?

సూక్ష్మజీవుల మీద పనిచేసేవాళ్లు మైక్రోగ్రాములు/మి.లీ.లో మాట్లాడతారు, కణాల మీద పనిచేసేవాళ్లు మైక్రోమోలార్‌లో. మీ రంగంలో ఏది వాడుకలో ఉంటే అది రాయండి, కానీ పొడవు వేరైన రెండు పెప్టైడ్లని పోల్చేటప్పుడు మోలార్ మాత్రమే వాడండి. 10 మైక్రోగ్రాములు/మి.లీ. ఎల్ఎల్-37 అంటే 2.2 మైక్రోమోలార్. అంతే బరువు బ్రాడీకైనిన్ అంటే 9.4 మైక్రోమోలార్. బరువు సమానమే గానీ అణువుల సంఖ్య నాలుగు రెట్లు పైన.

చేతి లెక్కకి ఒక ఆనవాలు పెట్టుకోండి. అణుభారం 1000 ఉన్న పెప్టైడ్‌కి 1 మి.గ్రా./మి.లీ. అంటే సరిగ్గా 1 మిల్లీమోలార్. 4500 అయితే 0.22. కాలిక్యులేటర్ ఏం చూపించినా ముందు దీనితో సరిచూడండి. సున్నా ఒకటి అటూ ఇటూ అయితే ఇక్కడే దొరికిపోతుంది. పొడి ఆక్రమించే జాగా గురించి కొందరు టెన్షన్ పడతారు. 1 మిల్లీగ్రాము పెప్టైడ్ పట్టే జాగా 0.7 మైక్రోలీటర్ పైచిలుకు, మిల్లీలీటర్‌లో అదేమీ లెక్కలోకి రాదు.

తూచాలా, వయల్‌లోనే పోయాలా?

చెన్నైలో ఉంటే ఈ ప్రశ్నకి జవాబు సగం వాతావరణమే చెబుతుంది. నవంబర్ వానల్లో ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్ మూత వెంటనే విప్పితే లోపల గాజు మీద మంచు పట్టినట్టు మసక కమ్ముతుంది. ఆ తేమంతా పొడిలోకే వెళ్తుంది, తూచిన బరువులోకీ చేరుతుంది. మూత విప్పకుండా డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే పెట్టె) గంటసేపు ఉంచి, గది వేడికి వచ్చాకే తీయండి. తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకి అంటుకున్న పొడి కిందికి దిగుతుంది. బెంగళూరులో గాలి పొడిగా ఉన్న నెలల్లో వేరే బాధ: స్టాటిక్ వల్ల పొడి స్పాచులా మీదినుంచి ఎగిరిపోతుంది.

5 మిల్లీగ్రాముల లోపు వయల్ అయితే నేను తూచను. మొత్తం వయల్‌లోనే కరిగిస్తాను. నాలుగు దశాంశాల త్రాసు 0.1 మిల్లీగ్రాము వరకే చదువుతుంది. 1 మిల్లీగ్రాము మీద అదే పది శాతం తేడా. పెద్ద వయల్స్‌కి అయిదు దశాంశాల త్రాసు దొరికితే తూచుకోండి.

స్టాక్ ఎంత చిక్కగా?

వెనకనుంచి లెక్కించండి. కణాల మీద చివరికి 1 మైక్రోమోలార్ కావాలి, డీఎంఎస్ఓ 0.1 శాతం దాటకూడదు అంటే స్టాక్ వెయ్యి రెట్లు ఉండాలి, అంటే 1 మిల్లీమోలార్. చివరి డోస్ 10 మైక్రోమోలార్ అయితే 10 మిల్లీమోలార్ చేయాలి. అప్పుడు ఈ యాంజియోటెన్సిన్ వయల్‌లో పోసేది 72 మైక్రోలీటర్లే. అంత తక్కువ ద్రవం గాజు గోడలన్నిటినీ తడపలేదు, కొంత పొడి అలాగే ఉండిపోతుంది. పలుచన మరీ ఎక్కువైతే ఇంకో నష్టం. 10 మైక్రోమోలార్ స్టాక్‌గా దాచుకుంటే, ఎల్ఎల్-37 లాంటి ధనావేశపు పెప్టైడ్లు ట్యూబ్ గోడకి అతుక్కుని, చెప్పకుండా తగ్గిపోతాయి. చిక్కటి స్టాక్‌ని 20 మైక్రోలీటర్ల చొప్పున లో-బైండ్ (గోడకి తక్కువ అంటుకునే) ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. పలుచన చేసినది అదే రోజు వాడేయండి. 1 మైక్రోలీటర్ పైపెట్ చేసే పని పెట్టుకోవద్దు. మధ్యలో 100 మైక్రోమోలార్ ఒకటి చేసుకుంటే వెల్‌లో 10 మైక్రోలీటర్లు వేయొచ్చు, చేతి తప్పు చాలావరకు తగ్గుతుంది.

ద్రావణి ఎంపిక విడిగా రాయాల్సినంత పెద్ద సంగతి. లెక్కకి సంబంధించినంతవరకు రెండు మాటలు. నీటిలో కరగనిదాన్ని ముందు డీఎంఎస్ఓలో కరిగించి తర్వాత నీరు కలిపితే, 717 అనేది రెండూ కలిపిన మొత్తం: 100 డీఎంఎస్ఓ అయితే 617 నీరు. చాలామంది 100 పోసి, మళ్లీ 717 పోస్తారు. మిథియోనిన్, సిస్టీన్ ఉన్నవాటికి డీఎంఎస్ఓ వద్దు, ఆక్సీకరణ చెందుతాయి. అప్పుడు గాఢత సరిగ్గానే ఉంటుంది గానీ పెప్టైడ్ అదే పెప్టైడ్ కాదు. బాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది. అది కణాలకి హాని చేస్తుంది, శోషణ రీడింగ్‌నీ చెడగొడుతుంది. కణాల పనికి మామూలు స్టెరైల్ నీరే మంచిది.

ఈ మధ్య వేళచ్చేరిలో మా తమ్ముడి స్నేహితుడొకడు జిమ్‌లో ఎవరో ఇచ్చిన పెప్టైడ్ వయల్ ఫొటో పంపి, "ఎంత నీళ్లు పోయాలక్కా?" అని అడిగాడు. లెక్క చెప్పలేదు. "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" అని రాసున్న వయల్‌లో నెట్ కంటెంట్ ఎంతో తెలియదు, ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) పరీక్ష చేశారో లేదో తెలియదు, స్టెరైల్ అన్న హామీ లేదు. నీళ్లు ఎంత పోసినా వాటిలో ఏ ఒక్కదాన్నీ సరిచేయలేం. డాక్టర్ దగ్గరికి వెళ్లమని, ఆ వయల్ వాడొద్దని గట్టిగా చెప్పాను. ఇక్కడ రాసిన అంకెలన్నీ ట్యూబుకీ ప్లేటుకీ మాత్రమే.

నెల్లూరు అమ్మాయి ఆ రోజు 717 పోసింది. పావుగంట ఆగి, వయల్‌ని మెల్లగా తిప్పి, 2 మైక్రోలీటర్లు నానోడ్రాప్ మీద పెట్టింది. 1.44 వచ్చింది. 1490తో భాగిస్తే 0.97 మిల్లీమోలార్. "1 అనే రాసెయ్యనా అక్కా?" అంది. 0.97 అనే రాయమన్నాను. ఇప్పుడు మైనస్ 80లో ఉన్న ఆ ట్యూబుల మీద చిన్న అక్షరాల్లో పెప్టైడ్ పేరు, బ్యాచ్ నంబరు, 0.97 మిల్లీమోలార్, "నెట్, 280 దగ్గర కొలిచింది", నీరు, తేదీ ఉన్నాయి.